మొదటి పట్టకారు

మా వంటింట్లో ఒక పాత కత్తిపీట ఉంది. అమ్మమ్మ పోయాక ఆమె ఊరి నుంచి మా ఇంటికి చేరింది. కూరగాయలు తరిగే అంచు ఏళ్ల తరబడి అరిగి సన్నబడింది కాని, వెనక వైపు, అలుగు పీటలోకి దిగే చోట, నల్లటి ఇనుము మీద చిన్న చిన్న నొక్కులు ఇంకా అలాగే ఉన్నాయి. అవి చూపుకు ఆనవు, వేలికి తగులుతాయి. ఒక్కో నొక్కు ఒక్కో సుత్తె దెబ్బ. బజారులో కొన్న చాకుల మీద ఇవి ఉండవు. యంత్రం చేసిన వస్తువు తన పుట్టుక గుర్తులను తుడిచేసుకున్నాకే మన చేతికి వస్తుంది. కత్తిపీట కడిగి ఆరబెట్టేటప్పుడల్లా నా వేలు ఆ నొక్కుల దగ్గర ఆగుతుంది. ఈ దెబ్బ వేసిన సుత్తె ఎలా తయారైంది? ఇంకో సుత్తె దెబ్బలతో. ఎర్రగా కాలిన ఈ అలుగును పట్టుకున్న పట్టకారు? దాన్ని కాల్చి వంచేటప్పుడు పట్టుకోడానికి ఇంకో పట్టకారు ఉండి ఉండాలి కదా. మరి దానికి? అలా వెనక్కి వెనక్కి పోతే ఎక్కడ తేలతాం? రోజూ ఇంట్లో కళ్ల ముందుండే వస్తువు ఇంత దూరం లాక్కుపోతుందని నేననుకోలేదు. ఆ ప్రశ్న చివరికి పెరట్లో కొలిమి పెట్టించింది.

ఇదే ప్రశ్న దగ్గర నాకంటే ఎంతో ముందు ఆగినవాళ్లున్నారని తర్వాత చదివాను. యూదుల 'పిర్కే అవోత్' అనే ప్రాచీన గ్రంథంలో ఒక జాబితా ఉంది. సృష్టి జరిగిన వారంలో, మొదటి విశ్రాంతి దినం ఇంకా మొదలవకముందు, ఆరో రోజు మునిమాపు వేళ దేవుడు ప్రత్యేకంగా చేసి పెట్టినవాటి జాబితా. అందులో ఇంద్రధనుస్సు ఉంది, మోషే చేతికర్ర ఉంది, ఎడారిలో కురిసిన మన్నా ఉంది. చివర్లో, ఇంకొకటి కూడా ఉందని కొందరన్నారట: పట్టకారుతో చేసిన పట్టకారు. మొదటి పట్టకారు చేసేనాటికి మనిషి దగ్గర పట్టకారు లేదు కాబట్టి అది పైనుంచే వచ్చి ఉండాలన్నది వాళ్ల తర్కం. ఇంద్రధనుస్సు సరసన కమ్మరి పనిముట్టును నిలబెట్టిన ఆ పెద్దల మీద నాకెంత గౌరవం కలిగిందో చెప్పలేను. తల్మూద్‌లో దీనికి ఎదురు మాట కూడా ఉంది. అచ్చులో లోహం పోసినా పట్టకారు వస్తుంది కదా, దానికి దేవుడి చేయి ఎందుకు అని. రెండు మాటలూ నాకిష్టమే. ఒకటి పనిముట్టును చూసి ఆశ్చర్యపోయినవాడిది, రెండోది పని ఎలా జరుగుతుందో ఊహించగలిగినవాడిది. వీళ్లలో ఎవరి పక్కన కూర్చోవాలో తేలాలంటే చదివితే చాలదు, చేతికి సెగ తగలాలి అనిపించింది.

కొలిమి కట్టడం అనుకున్నంత పెద్ద పని కాదు. ఏ దేశంలోనైనా ఇంటి దగ్గర సరదాగా ఇనుము కొట్టేవాళ్లలో చాలామంది మొదట వెతికేది పాత లారీ బ్రేక్ డ్రమ్మునే. మందపాటి పోత ఇనుము, నడుమ రంధ్రం. ఆ రంధ్రం మీద చిల్లుల పలక, కింద గాలి గొట్టం, గొట్టం అడుగున బూడిద దులపడానికి ఒక మూత. అన్నీ పాత ఇనుప సామాన్ల కొట్లోనే దొరికాయి. గొట్టం విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. నీళ్ల పైపులకుండే జింకు పూత ఉన్నది పనికిరాదు. వేడికి జింకు ఆవిరై తెల్లటి పొగవుతుంది, అది పీలిస్తే రాత్రికి వణుకుతో జ్వరం. వెల్డింగు షాపుల్లో ఈ సంగతి అందరికీ తెలుసు. పూత లేని నల్ల గొట్టం తెచ్చాను. గాలికి చేత్తో తిప్పే బ్లోయరు పెట్టాను. కరెంటు పంకాతో పని తేలిక అని చాలామంది అన్నారు. నిజమే, కాని దానికి మన ధ్యాసతో పనిలేదు. మనం పక్కకు తిరిగి మాట్లాడుతున్నా అది ఊదుతూనే ఉంటుంది, లోపల ఇనుము కొస రవ్వలు చిమ్ముతూ కాలిపోతుంది. చేతి బ్లోయరు నా చెయ్యి ఆగితే ఆగుతుంది, దానితోపాటే నిప్పూ తగ్గుతుంది. నిప్పుకూ నాకూ మధ్య ఆ బంధం తెంచుకోవాలని నాకనిపించలేదు.

దాగలి కోసం మాత్రం తిరగాల్సి వచ్చింది. అమెరికాలో ఇంటి కొలిమి పెట్టుకునేవాళ్లు రైలు పట్టా ముక్కను దాగలిగా వాడుకోవడం మామూలు. మన దగ్గర ఆ దారి లేదు. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర ఉంచుకోవడం నేరమని 1966లో చట్టమే చేశారు. ముక్క ఎలా వచ్చిందో లెక్క చెప్పలేనివాళ్లు దాన్ని ఇంట్లో పెట్టుకోకూడదు. నాకు దొరికింది లారీ ఇరుసు తుంట. దాన్ని పడుకోబెట్టకుండా నిలువునా చింత మొద్దులో దిగ్గొట్టాను. పైన పిడికెడు చదును మాత్రమే కనిపిస్తుంది. చూసినవాళ్లు ఇదేం దాగలి అంటారు. కాని సుత్తె ముఖం ఎంతుంటుంది? దెబ్బ పడేది ఆ కాస్త చోటే. దాని కింద నిటారుగా ఎంత బరువు నిలబడి ఉంటే దెబ్బ అంత వృథా కాకుండా ఎర్రటి ముక్కలోకి దిగుతుంది. కొమ్ము, మెడ, వెడల్పాటి వీపు ఉన్న లండన్ తరహా దాగలిని చూస్తే నాకూ ముచ్చటే. అయినా మన పల్లెల్లో తరతరాలుగా కర్రులూ కొడవళ్లూ తయారైంది మొద్దులో దిగ్గొట్టిన చిన్న ఇనుప దిమ్మె మీదే. ఆ దిమ్మె మీద ఎన్ని వందల ఎకరాల దుక్కి మొదలై ఉంటుందో.

ఇక బొగ్గు. మా వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకున్నాయన ఉన్నాడు. మంచి కట్టె బొగ్గు ఎక్కడ దొరుకుతుందో చెప్పింది ఆయనే. తుమ్మ బొగ్గు గట్టిది, నిదానంగా కాలుతుంది. చండ్ర దొరికితే ఇంకా మేలు. తేమ పట్టిన బొగ్గు టపటపా పేలి కళ్ల మీదికి వస్తుంది కాబట్టి వానాకాలం ముందే సంచులు ఇంట్లోకి చేర్చుకోవాలి. ఇవన్నీ ఆయన తన ఇస్త్రీ పెట్టె కోసం నేర్చుకున్నవి, నా కొలిమికి పనికొచ్చాయి. నిప్పు రాజుకున్నాక చూడాల్సింది రంగు ఒక్కటే. పుస్తకాలు అంకెలు చెబుతాయి: మసక ఎరుపు 650, 700 డిగ్రీల దగ్గర, నారింజ 900 దాటాక, పసుపు 1100 దగ్గర, రెండు ముక్కలు సుత్తె దెబ్బకు అతుక్కుపోయే తెల్లటి వేడి 1250కి పైన. ఇనుము కరిగేది 1538 దగ్గర. కాని పెరట్లో మిట్ట మధ్యాహ్నం ఎండలో నారింజ కూడా వెలవెలబోతుంది. కమ్మరి కొట్టాలు ఎప్పుడూ మసకచీకటిగా ఎందుకుంటాయో నాకప్పుడు అర్థమైంది. చిన్నప్పుడు అది లేమి అనుకునేదాన్ని. ఆ చీకటి లేకపోతే రంగు తెలియదు, రంగు తెలియకపోతే పని లేదు. అమ్మమ్మ అరిసెల పాకం ఇలాగే చూసేది. గరిటె ఎత్తి ఒక్క చూపు చూసి, దించేయమనేది. పాకమైనా ఇనుమైనా ముదిరే ముందు ఇచ్చే సమయం కొద్ది క్షణాలే, ఆ క్షణాలను గుర్తుపట్టే కన్నును పుస్తకం ఇవ్వలేదు.

ఆ కొలిమిలో మొట్టమొదట చేయాలనుకున్నది పట్టకారే. 12 మిల్లీమీటర్ల మెత్తటి ఇనుప కడ్డీలు రెండు, ఒక్కోటి గజం పొడవున తీసుకున్నాను. ఒక కొస నిప్పులో నారింజ రంగులో వెలుగుతుంటే రెండో కొస నా చేతిలో చల్లగానే ఉంది. రాగి అయితే ఇంత సేపు చేతిలో నిలిచేది కాదు, ఇనుములో వేడి నిదానంగా నడుస్తుంది. కాలిన కొసను దాగలి అంచు మీద సగం లోపలికి, సగం బయటికి ఉంచి కొడితే దవడకు మెట్టు పడుతుంది. పావు మలుపు తిప్పి ఇంకాస్త ముందుకు జరిపి కొడితే చీల పట్టే భాగం విడిపడుతుంది. ఇంకో మలుపు తిప్పి కొడితే కాడ మొదలవుతుంది. మళ్లీ నిప్పులో పెట్టి, పసుపు రంగు వచ్చాక చీల కోసం చిల్లు పొడవడం. కడ్డీలోంచి దాన్ని తెగ్గొట్టేది అన్నిటికన్నా చివర. అప్పటిదాకా ఆ కడ్డీ నా చేతిలోనే ఉంది. అంటే పట్టకారు చేయడానికి నాకు పట్టకారుతో పనే పడలేదు! పొడవాటి కడ్డీ తనకు తానే పట్టకారు. చేయబోయే వస్తువూ దాన్ని పట్టుకునే పిడీ ఒకే ఇనుములో ఉన్నాయి. చివరి దెబ్బకు అవి విడిపోతాయి. రెండు సగాలనూ చీలతో కలిపి, మళ్లీ ఎర్రగా కాల్చి, చల్లారేదాకా తెరుస్తూ మూస్తూ ఉంటే కీలు బిగుసుకోకుండా వదులవుతుంది. తెరిచి మూస్తుంటే ఆ తల్మూద్ పండితుల పక్కన కూర్చుని, అయ్యా, ఇలా కూడా చేయవచ్చు అని చెప్పాలనిపించింది.

చెబితే వాళ్లు ఒప్పుకుంటారా? ఆ గజం కడ్డీ ఎక్కడిది అని అడుగుతారు. నిజమే, అది మిల్లులో రోళ్ల మధ్య సాగి వచ్చింది. ఆ రోళ్లను ఏదో లేతు మీద తోమి ఉంటారు. ఆ లేతు మరను కోసిన పనిముట్టు ఇంకో లేతు మీద పుట్టి ఉంటుంది. నా జవాబు ప్రశ్నను కొంచెం వెనక్కి జరిపింది, అంతే. అయినా నాకు నిరుత్సాహం కలగలేదు. సొంతంగా చేసుకోవడం అంటే ఎవరి మీదా ఆధారపడకపోవడం అని చాలామంది అనుకుంటారు, అదే ఈ అభిరుచిలో ఆకర్షణ అంటారు. నాకు కలిగిన అనుభవం వేరు. ఒక్క పనిముట్టు సొంతంగా చేస్తే దాని వెనక నిలబడ్డ చేతుల వరుస మొదటిసారి కంటపడింది. కొన్నప్పుడు ఆ వరుస కనపడదు, ధర మాత్రమే కనపడుతుంది.

ఈ దారిలో నాకు తోడున్న పుస్తకాలు అలెగ్జాండర్ వేగర్స్‌వి. ఆయన 1901లో జావా దీవిలో డచ్చి కుటుంబంలో పుట్టాడు, ఇంజనీరయ్యాడు, శిల్పి అయ్యాడు, కాలిఫోర్నియాలోని కార్మెల్ లోయలో పాత సామానుతో సొంత ఇల్లు కట్టుకుని 1989లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. 1973లో 'ది మేకింగ్ ఆఫ్ టూల్స్' రాశాడు, మరుసటి ఏడు 'ది మోడర్న్ బ్లాక్‌స్మిత్'. బొమ్మలన్నీ తానే గీసుకున్నాడు. పాత కారు స్ప్రింగు, ఇరుసు, అరిగిన ఆకురాయి, ఏది కనపడినా అందులో ఇంకా ఏ పనిముట్టు మిగిలి ఉందో చూస్తాడాయన. పనిముట్టు కొనుక్కుని పని మొదలుపెట్టకు, పనిముట్టు చేసుకోవడమే పనిలో మొదటి మెట్టు అన్నది ఆ పుస్తకాల సారం. మరొకరు ఎడిన్‌బరోలో పుట్టిన జేమ్స్ నాస్మిత్. 1839లో ఆవిరి సమ్మెటకు రూపం గీసినవాడు. ఆయన ఆత్మకథలో నాకు ఆవిరి సమ్మెటకన్నా ఎక్కువ గుర్తుండిపోయింది కుర్రతనంలో ఆయన పడకగది. తండ్రి ఇంట్లో తన పడకగదినే ఇత్తడి పోత పోసే కార్ఖానాగా మార్చుకున్నాడు. సరిగ్గా ఆ గది కిందే తండ్రి పడుకునేవాడు. ఆయనకు నిద్రాభంగం కాకుండా రాత్రిళ్లు అచ్చుల ఇసుకను చప్పుడు లేకుండా దట్టించేవాడు. ఇరుగు పొరుగును దృష్టిలో పెట్టుకుని సుత్తె చప్పుడు ఆదివారం ఉదయానికి పరిమితం చేసుకున్న నాకు ఆ కుర్రవాడు ఎంత దగ్గరివాడో వేరే చెప్పాలా.

పట్టకారు తర్వాత పోటు ఉలి, దాని తర్వాత సుత్తె. సుత్తెకు కన్నం పొడవాలంటే పోటు ఉలి కావాలి, ఆ ఉలి మెత్తటి ఇనుముతో చేస్తే మొదటి పోటుకే వంగుతుంది. ఉక్కు కావాలి. మన దగ్గర కమ్మరులు లారీ కమాను పట్టీలను ఎంతో కాలంగా కత్తులుగా, కొడవళ్లుగా మారుస్తున్నారు, ఆ ఉక్కు మంచిదని వాళ్లకు ఎవరూ చదివి చెప్పలేదు. కొట్టి రూపం తెచ్చాక గట్టిపరచడం వేరే పని. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే. ఉలి కొసను కాలుస్తూ మధ్యమధ్య అయస్కాంతం తగిలించి చూస్తాను. 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అదుగో, అప్పుడు ఇంకొంచెం కాల్చి నూనెలో ముంచాలి. బయటికి తీస్తే ఆకురాయి దాని మీద పట్టు దొరక్క జారిపోతుంది. అంత గట్టిదనం ప్రమాదం కూడా. ఒక్క దెబ్బకు పెచ్చు ఎగిరి కంట్లో పడవచ్చు, అందుకే కళ్లద్దాలు లేకుండా నేను సుత్తె ఎత్తను. కాబట్టి ఆ గట్టిదనంలోంచి కొంత వెనక్కి తీసుకోవాలి. కొసను తళతళలాడేలా రుద్ది, వెనక భాగాన్ని సన్నటి సెగ మీద ఉంచితే రంగులు ఒకదాని వెనక ఒకటి బయల్దేరతాయి. 220 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, 280 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం. ఉపరితలం మీద పెరుగుతున్న ఆక్సైడు పొర, కంటికి ఆననంత పల్చనిది, వెలుతురుతో ఆడుకునే ఆట అది. గాలీ తేమా ఇనుమూ కలిసి నెలల తరబడి చేసే తుప్పుకు చుట్టమైన ఈ పొర ఇక్కడ క్షణాల్లో ఇంత అందంగా నడుస్తుందా అని ప్రతిసారీ ఆగిపోతాను. ఆగితే కుదరదు, ఊదారంగు కొసకు చేరగానే చల్లార్చాలి.

ఇవన్నీ చేస్తుంటే చిన్నప్పటి అమ్మమ్మ ఊరు గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది. ఆర్మూర్ దాటాక, పసుపు చేల మధ్య ఊరు. ఏరువాకకు ముందు కమ్మరి కొట్టం దగ్గర జనం గుమిగూడేవాళ్లు. అరిగిన కర్రులు, నోరు పోయిన గొడ్డళ్లు, మొండివారిన గడ్డపారలు వరసగా పడి ఉండేవి. పిల్లలకు తిత్తి తాడు లాగే అవకాశం దొరకడమే పండుగ. తోలు తిత్తి ఊపిరి పీల్చి వదిలే చప్పుడు, కాలిన తోలూ బొగ్గూ కలిసిన వాసన, నీళ్ల తొట్టిలో కర్రు ముంచగానే లేచే ఆవిరి. కమ్మరి తాత చిన్న సుత్తెతో ఎక్కడ కొట్టాలో తట్టి చూపేవాడు, ఆయన భార్య సరిగ్గా అక్కడే సమ్మెట వేసేది. ఇప్పటికీ రోడ్ల పక్కన గుడారాలు వేసుకునే గాడియా లోహార్ల దగ్గర ఆగి చూస్తాను, అక్కడా సమ్మెట ఆడవాళ్ల చేతిలోనే ఎక్కువగా ఉంటుంది. మా తాతకు కూలి పైసల్లో కాదు, కల్లం దగ్గర గింజల్లో. పంట వచ్చిన ఏడు వచ్చినట్టు, రాని ఏడు రానట్టు. తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి, నాగళ్లు అటకెక్కాయి, కర్రుతో పనిలేకపోయింది. ఊరు ఆయనను పొమ్మనలేదు, పిలవడం మానేసింది.

నేను చేసిన మొదటి పట్టకారును సంచిలో పెట్టుకుని ఆ తాత దగ్గరికి వెళ్లాను. ఇప్పుడు మంచం మీదే ఎక్కువగా ఉంటున్నాడు. చూపు మందగించింది. పట్టకారును చేతిలోకి తీసుకుని తెరిచాడు, మూశాడు, దవడలు ఎక్కడ కలుస్తున్నాయో బొటనవేలితో చూశాడు. చీల దగ్గర ఇంకాసేపు ఆగాడు. తర్వాత అడిగాడు: "ఇది ఎవలి కోసం జేసినవ్ బిడ్డా?" నా కోసమే తాతా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "గది గాదు. దీంతోని ఎవలికి పని జేస్తవ్?" నా దగ్గర సమాధానం లేదు. ఆయన దాన్ని పట్టించుకోకుండా పని గురించి చెప్పడం మొదలుపెట్టాడు. "కాలినప్పుడు కొట్టుడు అందరికెర్కనే. ఎర్రదనం బోయినంక చెయ్యి ఆపుడు నేర్సుకోవాలె. సల్లగైనంక కొడితే లోపల పగులు వడ్తది, నీకు కనవడదు." నేను ఎన్ని పుస్తకాల్లో చదివినా ఈ సంగతి ఇంత సూటిగా లోపలికి దిగలేదు.

ఎవరి కోసం అన్న ప్రశ్న మాత్రం ఇంటికి నాతో వచ్చింది. ఆయన చేసిన ప్రతి వస్తువుకూ అవతలి కొసన ఒక మనిషి ఉండేవాడు, ఆ మనిషి చేతి కొలత, ఎత్తు, ఎడమచేతివాటం కూడా ఆయనకు తెలుసు. నా కొలిమిలో పనిముట్టు ఇంకో పనిముట్టు కోసం పుడుతోంది, అది మరొకదాని కోసం. ఆ వరుసలో మనిషి ఎక్కడ? ఇంకో సంగతి ఇంతకన్నా బరువైనది. నేను ఇష్టపడి కొలిమి దగ్గరికి వెళ్లాను. ఇష్టం లేనినాడు నిప్పు ఆర్పి లోపలికి వస్తాను. ఆయన పుట్టుకతోనే కొలిమి ముందు కూర్చున్నాడు. రైతు తొందరపెడితే జ్వరంతోనైనా లేచి తిత్తి ఊదించాల్సిందే. ఆ కులం మోసిన చాకిరీని నేను సెలవురోజు ఆనందంగా చేసుకోవచ్చా? చాలాకాలం ఈ ఆలోచన సుత్తె ఎత్తిన ప్రతిసారీ చేతిని కొంచెం ఆపేది. ఇప్పుడు నా అభిప్రాయం ఇది: చేయవచ్చు, కాని అది ఆ వృత్తిని కాపాడుతోందని చెప్పుకోకూడదు. అభిరుచి ఏ వృత్తినీ బతికించదు, గిరాకీ బతికిస్తుంది. సంతలో కమ్మరి కొట్టిన కొడవలి ముందు బేరమాడేవాళ్లను చూస్తే ఇప్పుడు నేను ఊరుకోలేను. ఆ వంపు తేవడానికి ఇనుమును ఎన్నిసార్లు నిప్పులోకి పంపాలో, ఎంత బొగ్గు కాలాలో నా భుజానికి తెలుసు.

ఆ ఊరికి వెళ్లి వచ్చే దారిలో కోనసముద్రం ఎటుందో చూసుకున్నాను. కమ్మర్‌పల్లి మండలంలో ఉంది. దక్కన్ ఉక్కు పేరెత్తితే చరిత్రకారులు ముందు చెప్పే ఊళ్లలో అదొకటి. హెన్రీ వెస్లీ వాయిసీ అనే వైద్యుడు, త్రికోణమితి సర్వేలో భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసినవాడు, 1820 ప్రాంతాల్లో అక్కడ మూసల్లో ఉక్కు చేయడం చూసి రాశాడు. ఆయన 1824లో చనిపోయాడు, ఆ రచన 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన ఇనుమును కలిపి కరిగించేవాళ్లనీ, పారశీక వర్తకులు ఆ ఉక్కు కోసమే అక్కడికి వచ్చేవాళ్లనీ అందులో ఉంది. మూసలు చేసేది మట్టిలో ఊక కలిపి. ఊక మాడి లోపల బొగ్గుగా మిగిలి, మూసకు అంత వేడిని తట్టుకునే శక్తినిస్తుంది. వడ్లు దంచగా మిగిలిన ఊకను కత్తుల ఉక్కుకు పనిముట్టుగా మార్చిన ఆ చేతులు ఎవరివో మనకు ఒక్క పేరైనా మిగల్లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే భారతదేశపు ఉక్కు రహస్యం కోసం ప్రయోగాలు చేస్తున్నాడు. ఆయన కమ్మరి కొడుకు. తండ్రి కొలిమి వేడి ఆ ప్రయోగాల్లో ఎక్కడో ఉందనుకోవడం నాకు ఇష్టం. 1827లో ఫారడే రాసిన రసాయన ప్రయోగాల పుస్తకంలో ఒక కొలిమి వర్ణన ఉంటుంది. పెద్ద కుండలో చిన్న కుండ దించి, మధ్య ఖాళీని మట్టి పాత్రల పొడితో నింపి, గాలికి పక్కన చిల్లు పెట్టడం. చదువుతుంటే నా బ్రేక్ డ్రమ్ము గుర్తొచ్చింది. ఆయన కూడా ముందు కొలిమి కట్టుకుంటే గాని ప్రశ్న అడగలేకపోయాడు.

ఇక కమ్మరి తాత మనవడు ఇప్పుడు హైదరాబాద్ బాలానగర్‌లో డైలు, అంటే లోహానికి రూపమిచ్చే అచ్చులు, చేసే షాపులో పనిచేస్తున్నాడు. 1968లో అక్కడే పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ నీడలో ఆ ప్రాంతమంతా పనిముట్లకు పనిముట్లు చేసేవాళ్లే. ఊళ్లో కొలిమి ఆరిపోయిందని బాధపడే నేను ఆ కుర్రవాడి ముందు అలా మాట్లాడటం మానుకున్నాను. ఫోన్‌లో తను చేసిన డై బొమ్మ చూపించి, వెంట్రుకలో పదో వంతు తేడా వచ్చినా తీసి పారేస్తారని గర్వంగా చెప్పాడు. ఆ గర్వం నాకు తెలుసు. తాత కర్రు కొనను ఒంటికన్నుతో గురిపెట్టి చూసినప్పుడు ఉండేది అదే.

ఈ మధ్య ఇస్త్రీ ఆయన నా కొలిమి చూడటానికి వచ్చాడు. నా పట్టకార్లన్నీ ఒక్కోటీ తీసి తెరిచి మూసి పక్కన పెట్టాడు. ఇవి మీకు పనికొస్తాయేమో, నాకు కావాల్సింది వేరన్నాడు. ఇస్త్రీ పెట్టె మూత సందులోంచి బొగ్గు సర్దాలంటే దవడలు సన్నగా, కొంచెం కిందికి వంగి ఉండాలట. బజారువి వెడల్పుగా ఉండి బొగ్గును నలిపేస్తాయట. కాడ ఇంకో బెత్తెడు పొడుగుండాలి, లేకపోతే పొద్దంతా పట్టుకున్న చేతికి సెగ తగులుతుంది. కాడ చివర ఒక కొక్కెం ఉంటే బండి చువ్వకు తగిలించుకోవచ్చు. సైజులు నేల మీద బొగ్గుతో గీసి చూపించాడు. కొక్కెం సంగతి నాకు తట్టనిది. వంపు దవడను ముందే వంచితే చీల చిల్లు పక్కకు పోతుంది కాబట్టి చిల్లు పొడిచాకే వంచాలి, కాడ లాగడానికి కడ్డీ ఇంకాస్త పొడవు తీసుకోవాలి. ధర ఎంతని అడిగాడు. బొగ్గు సంచికి సంచి అన్నాను. అది ఎక్కువ అన్నాడాయన, అర సంచికి కుదిరింది. వచ్చే ఆదివారం మొదలుపెడతాను, దవడ వంపు చూడటానికి మధ్యలో ఒకసారి రమ్మన్నాను.